సిద్ధిరాములు కెమెరా మార్చిన ఏడాది

"...అందుకే అంటున్న, ఆ రెండు కండ్ల డబ్బను ఇగ అటుక మీద పెట్టుమని. బావ మెడల అది ఏలాడుతుంటే పెండ్లికొచ్చిన పోరగాండ్లు నవ్వుతున్నరు."

"నవ్వితె నవ్వనియ్. నీ పెండ్లి ఫోటోలు తీసింది ఆ డబ్బనే. అప్పుడు పండ్లు ఇగిలించుకుంట నిలబడ్డవ్ గద."

"అప్పుడు గదే ఉండె అక్కా."

"ఇప్పుడు గూడ గదే ఉన్నది. నీ వీడియో ముచ్చట నువ్వు సూస్కో. మా ఇంట్లకు కొత్త బేరం తేకు."

భివండి నిజాంపురాలో, సాంచెలనే మరమగ్గాల కార్ఖానా ఒకదాని గోడకు ఆనుకొని ఉన్న చిన్న ఫోటో స్టూడియో అది. ముందు గదిలో వాదించుకుంటున్నది శోభ, పెళ్లిళ్లకు వీడియోలు తీసే ఆమె తమ్ముడు మల్లేశం. లోపల చీకటి గదిలో శోభ భర్త సిద్ధిరాములు పాస్‌పోర్టు ఫోటోలు కడుగుతున్నాడు. ఆ మాటల్లో అతనికి సగమే వినిపించాయి. ఎడమ చెవి సాంచెల మధ్య పనిచేసిన ఏళ్లలోనే పోయింది. వినిపించిన సగాన్ని బట్టి చూసినా మల్లేశం చెప్పేదాంట్లో తప్పు లేదు. 1996 చలికాలం అది. పెళ్లివాళ్లందరూ రంగు ఫోటోలే అడుగుతున్నారు. ఆ డబ్బాలో పట్టే పెద్ద రీలుకు పన్నెండు ఫోటోలే వస్తాయి, తాళి కట్టే వేళకు అది అయిపోతే మార్చుకునేలోగా ముడి పడిపోతుంది. ఇప్పుడు ఆ రీలు కూడా ముంబై పోయి తెచ్చుకోవలసి వస్తోంది.

సిద్ధిరాములు సిద్దిపేట దిక్కు ఊరి నుంచి మీసాలు రాకముందే భివండికి వచ్చాడు. మొదట నూలు కండెలు చుట్టాడు, తరువాత సాంచెలు నడిపాడు. శుక్రవారం కరెంటు ఉండదు, కార్ఖానాలు బందు. ఆ రోజు తోటివాళ్లు పడుకుంటే అతను బజారులో ఖలీల్ భాయ్ స్టూడియో ముందు నిలబడేవాడు. కొన్నాళ్లకు ఆయన లోపలికి రానిచ్చాడు. మరికొన్నాళ్లకు కెమెరా చేతికిచ్చాడు. నేర్చుకున్నదంతా శుక్రవారాల్లోనే. మొదటిసారి మామూలు రోజున ఫోటో తీస్తే ముఖాలన్నీ అలికినట్టు వచ్చాయి. తన చెయ్యి వణికిందనుకున్నాడు. ఖలీల్ భాయ్ అతన్ని చెప్పులు విప్పి నిలబడమన్నాడు. అరికాళ్ల కింద నేల సన్నగా అదురుతోంది. చుట్టూ ఉన్న కార్ఖానాల అదురు అది. శుక్రవారం తప్ప భివండిలో నేల కుదురుగా ఉండదు, స్టాండు మీద పెట్టినా కెమెరా ఊగుతుంది, అందుకే ఫ్లాష్ ఉన్నా లేకున్నా షట్టరు వేగం సెకనులో నూట ఇరవై అయిదో వంతు కన్నా కిందికి దిగొద్దు అని ఆయన చెప్పాడు.

ఆ అంకె సిద్ధిరాములు వేలికి అలవాటైంది. కెమెరా మెడలో వేసుకోగానే వేలు దానంతటదే పోయి మీటను నూట ఇరవై అయిదు మీద పెట్టేది. చూడవలసిన పని కూడా లేదు.

ఖలీల్ భాయ్ తన చివరి రోజుల్లో యాషికాను అతనికే ఇచ్చాడు. ఒకదాని కింద ఒకటి రెండు కటకాలున్న కెమెరా. పై కటకంతో చూడాలి, కింది కటకం తీస్తుంది. దాన్ని కంటికి ఆనించరు. పొట్ట దగ్గర పట్టుకొని, తల వంచి, పై మూతలోని గాజు పలకలోకి చూస్తారు. ఫ్లాష్ వెలిగిన క్షణాన ఎదుటి ముఖం ఆ గాజు మీద తెల్లగా మెరిసి కనిపిస్తుంది. మెరిస్తే ఫోటో పడినట్టు.

ఈ తల వంచడం వల్లనే అతన్ని చావులకు ఎక్కువగా పిలిచేవాళ్లు. శవం ముందు నిలబడి ఫోటో తీస్తుంటే దండం పెడుతున్నట్టు ఉంటుందని ఖానావళి ఓదెమ్మ ఒకసారి అంది. కార్ఖానా పనివాళ్లకు రెండు పూటలా వండిపెట్టేది ఆమె. వాళ్లలో ఎవరు పోయినా మొదట కబురు ఆమెకే.

తెలంగాణ నుంచి వచ్చి సాంచెల మీద బతికే మనిషి ఇక్కడ చనిపోతే, ఊరి నుంచి భార్య వచ్చేదాకా శవం ఆగదు. మనిషికి స్నానం చేయించి, కుర్చీలో కూర్చోబెట్టి, ధోవతితో రొమ్ము మీదుగా కుర్చీకి కట్టి, వెనక తోటివాళ్లు నిలబడి ఫోటో తీయించేవారు. ఆ ఫోటో ఊరికి పోయేది. వెనకటికి ఆ దిక్కు ఊళ్లో ఒకామెకు మొగుడు భివండిలో చచ్చిపోయాడని కబురు వచ్చింది. ఆమె గాజులు తీయించుకుంది. నాలుగేళ్ల తరువాత అతను సూరత్‌లో ఇంకొక ఆమెతో కాపురం చేస్తూ కనిపించాడు. అప్పటి నుంచి ఆ ఊళ్లలో ఒక కట్టుబాటు ఏర్పడింది. భివండి చావుకు ఫోటో చూడనిదే ఏ ఆడదాని గాజులూ తీయరు.

ఆ పనికి సిద్ధిరాములు కూలి తీసుకునేవాడు కాదు. రంగు రీలు కూడా వాడేవాడు కాదు. చావుకు నలుపు తెలుపే బాగుంటుందని అడిగేవాళ్లు అనేవారు. అది తన చీకటి గదిలోనే కడుక్కోవచ్చని అతనికీ అదే ఇష్టం.

సంక్రాంతి వెళ్లాక బావామరుదులు ముంబై ఫోర్ట్ ప్రాంతంలోని కెమెరా బజారుకు వెళ్లారు. వాడిన కెమెరాలమ్మే ముసలి దుకాణదారు కటకాలు లేని మూడు కెమెరా బాడీలు బల్ల మీద పెట్టాడు. సిద్ధిరాములు ఒక్కొక్కటి తీసుకొని, కుడి చెవికి ఆనించి, ఒక సెకను మీద పెట్టి నొక్కాడు. రష్యాది గడగడమని మధ్యలో ఆగినట్టు ఆగి మూసుకుంది. దాన్ని పక్కన పెట్టాడు. నికాన్ శబ్దం శుభ్రంగా ఉంది. దాని ధర విని మల్లేశమే దాన్ని పక్కకు జరిపాడు. మిగిలింది పెంటాక్స్. బరువు బాగుంది, లోపల మీటరు ముల్లు కదులుతోంది, వెనక మూత తీస్తే షట్టరు గుడ్డ తెర మీద ముడత లేదు.

"జూమ్ అడుగు బావా, జూమ్. దూరంకెళ్లి గుంజొచ్చు," అన్నాడు మల్లేశం.

"గుంజుతె ఫోటోనే గాదు, దూది గూడ గుంజుతది లోపటికి," అన్నాడు సిద్ధిరాములు.

ముందుకూ వెనక్కూ జరిగే కటకం ప్రతిసారీ గాలి పీల్చుతుంది. భివండి గాలిలో దూది నూగు ఉంటుంది. ఏడాదిలో లోపల చెదపురుగు తిన్నట్టు అవుతుంది. అతను యాభై మిల్లీమీటర్ల కటకం ఒకటి, గుంపులు పట్టే ఇరవై ఎనిమిదిది ఒకటి ఎంచుకొని, రెండింటినీ ట్యూబులైటుకు ఎదురుగా పట్టి బూజు లేదని చూసుకున్నాడు. ఫ్లాష్ మాత్రం పెద్దది తీసుకున్నాడు, తల పైకి తిరిగేది.

డబ్బాలో సర్దుతూ దుకాణదారు మీట మీద వేలు పెట్టి చూపించాడు. "ఫ్లాష్ లగాయా తో సాఠ్. ఉస్‌కే ఊపర్ నహీ. ఆధా ఫోటో కాలా ఆయేగా."

సిద్ధిరాములు తల ఊపాడు. ఫ్లాష్ పెడితే అరవై దాటొద్దని, దాటితే సగం ఫోటో నల్లగా వస్తుందని అతనికి తెలిసిన సంగతే. పాత కెమెరాలో షట్టరు తలుపు కటకంలోనే ఉంటుంది, పూవులా ఒకేసారి విచ్చుకుంటుంది, ఎంత వేగమైనా వెలుగు రీలంతా పడుతుంది. ఇందులో ఫిలిం ముందు రెండు గుడ్డ తెరలు ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతాయి. అరవై దాటితే, మొదటి తెర అంచు చేరేలోపే రెండోది బయలుదేరుతుంది. ఫ్లాష్ వెలిగినప్పుడు ఎంత మేర తెరిచి ఉంటే అంతే పడుతుంది. రైలులో వస్తూ మల్లేశానికి ఇదంతా అతనే వివరించాడు.

శోభ రెండు రోజులు ఆ కెమెరాను ముట్టలేదు. మూడో రోజు, ఆయన వేలి అలవాటు తనకు తెలుసునన్నట్టు, తన బొట్టుబిళ్ల ఒకటి తీసి మీట మీద అరవై పక్కన అంటించింది. "ఎర్రగ కనవడుతది. ఏలు ఆగుతది," అంది. ఆ పెళ్లిళ్ల కాలమంతా వేలు ఆగింది. ఫోటోలు బాగా వచ్చాయి. పెళ్లికూతురి తల్లి ఒకామె ఆల్బం చూసి, పాత కెమెరా ఇంత సక్కగా తీయకపోయేది అని శోభతో అంది. వైశాఖం చెమటకు బొట్టుబిళ్ల ఎప్పుడు రాలిపోయిందో ఎవరూ గమనించలేదు.

మే నెలలో ఒక ఉదయం సిద్ధిరాములు అంజూర్ ఫాటా దగ్గర పెళ్లి ఊరేగింపు తీసి వస్తున్నాడు. ఎండలో తీశాడు కాబట్టి ఫ్లాష్ పెట్టలేదు. స్టూడియో ముందు ఓదెమ్మ కూర్చొని ఉంది.

"నాగయ్య పోయిండు," అంది.

"ఏ నాగయ్య?"

"ఏ నాగయ్య అంటవేంది. నీ పక్క సాంచెల నాగయ్య. పొద్దుగాల రొమ్ముల నొస్తున్నదని కూసున్నడు. గంతే."

నాగయ్య, సిద్ధిరాములు ఒకే వరుసలో ఏళ్ల తరబడి పనిచేశారు. సాంచెల హోరులో మాట వినబడదు కాబట్టి సైగలతోనే మాట్లాడుకునేవారు. బయటికొచ్చాక ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. సిద్ధిరాములు సాంచెలు వదిలి కెమెరా పట్టాక నాగయ్య స్టూడియోకు వచ్చి, బల్ల మీద కూర్చొని, ఏమీ మాట్లాడకుండా చాయ్ తాగి పోయేవాడు.

ఊరికి ఫోన్ చేశారు. నాగయ్య అన్న నర్సింహులు ఎత్తాడు. నాగయ్య భార్య ఐలవ్వను తీసుకొని బయలుదేరుతామని, మర్నాడు సాయంత్రానికి గాని చేరలేమని చెప్పాడు. ఎండను చూసి మీరే కానియ్యండి అన్నాడు. పెట్టేసే ముందు, ఫోటో మరువకుండ్రి అన్నాడు.

యాషికాలో రీలు లేదు. సిద్ధిరాములు పెంటాక్స్‌లోనే నలుపు తెలుపు రీలు ఎక్కించుకొని వెళ్లాడు.

కార్ఖానా యజమాని సాంచెలు ఆపించాడు. కిటికీలు లేని ఆ పొడుగాటి గదిలో, ఆగిన సాంచెల మధ్య నాగయ్యను కుర్చీలో కట్టి కూర్చోబెట్టారు. వెనక పనివాళ్లు నిలబడ్డారు. ఇటు పక్కా అటు పక్కా కార్ఖానాలు నడుస్తూనే ఉన్నాయి. నేల అదురుతోంది. సిద్ధిరాములు ఫ్లాష్ బిగించాడు. మనిషి తల నుంచి కాళ్ల దాకా రావాలని కెమెరాను నిలువుగా తిప్పాడు. అరికాళ్ల కింద అదురు తెలుస్తుండగా అతని వేలు మీట మీదికి పోయింది.

మూడు ఫోటోలు తీశాడు. ఈ కెమెరాలో నొక్కిన క్షణాన అద్దం లేచి కంటి ముందు చీకటవుతుంది. ఫ్లాష్ వెలిగితే నాగయ్య ముఖం ఎలా ఉందో అతనికి కనిపించలేదు. కెమెరా దించాక మామూలు చూపుతో చూశాడు. తరువాత పాడె మోసినవాళ్లలో అతనూ ఉన్నాడు.

సాయంత్రం రీలు కడిగి దీపానికి పట్టి చూసినప్పుడు తెలిసింది. పొద్దుటి ఊరేగింపు వేరే రీలులో ఉంది. ఇందులో ఉన్నవి మూడే. మూడింటిలోనూ కాళ్లు, మోకాళ్లు, ఒళ్లో కలిపి పెట్టిన చేతులు, రొమ్ము మీది ధోవతి కట్టు ఉన్నాయి. మెడ దగ్గర నుంచి పైకి ఫిలిం గాజులా తేటగా ఉంది. అక్కడ వెలుగు పడనే లేదు. ముద్రిస్తే అది నలుపు. సిద్ధిరాములు కెమెరా తెచ్చి మీట చూశాడు. నూట ఇరవై అయిదు.

మర్నాడు పొద్దున్నే మల్లేశం వచ్చాడు. ఫిలింను వెలుగుకు పట్టి చూశాడు.

"దసరకు కార్ఖానల పూజ ఫోటో తీస్తివి గద బావా. అండ్ల నాగయ్య ముందటి వరుసల ఉన్నడు. తలకాయ తీస్కొని దీనికి అతికియ్యి. కండ్లకు పెన్సిల్‌తోని రెప్పలు దించితె అయిపాయె."

"మనిషి సచ్చిపోయిండురా."

"సచ్చిపోయిండనే గద సూపెట్టేది. అబద్ధం ఏమున్నది అండ్ల? నీ కాడ ఫోటో లేదంటె ఆమెను ఊర్లె ఏం జేస్తరు? అటు ముత్తైదువ గాదు, ఇటు ముండమోపి గాదు. ఎన్నొద్దులు కూసోవాలె గట్ల?"

సిద్ధిరాములు ఫిలింను తీగకు తగిలించాడు. కాని మధ్యాహ్నానికి ఆ పని చేశాడు. తల అంతే కొలతకు పెంచి, బ్లేడుతో అంచు పలచగా గీకి, అతికించి, దాన్ని మళ్లీ ఫోటో తీసి, సన్న కుంచెతో రెప్పలు దించాడు. నేర్పుగల చెయ్యి. అతుకు కనిపించలేదు. శోభ చూసి, "పండుకున్నట్టున్నడు," అంది. అతను ఇంకొక కాగితం తీసుకొని, ఏమీ సరిదిద్దకుండా, ఫిలిం మీద ఉన్నది ఉన్నట్టు కూడా ఒకటి ముద్రించాడు. రెండూ తడి ఆరాక సొరుగులో పెట్టాడు.

ఐలవ్వ, నర్సింహులు ఆ సాయంత్రమే వచ్చారు. ఓదెమ్మ వాళ్లను కార్ఖానాకు తీసుకుపోయి, నాగయ్య పడుకునే చోటు చూపించి, స్టూడియోకు తీసుకొచ్చింది. ఐలవ్వ బక్కపలచని మనిషి. కొంగు నిండుగా కప్పుకొని, గుమ్మం పక్కన గోడకు ఆనుకొని నిలబడింది. చేతుల నిండా ఆకుపచ్చ గాజులు. కొత్తవి.

"ఫోటో అయ్యిందా సిద్ధిరాములూ?" అని నర్సింహులు అడిగాడు.

సిద్ధిరాములు సొరుగు లాగి, తల లేనిది తీసి ఇచ్చాడు. నర్సింహులు దాన్ని చూశాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"మొఖమేది?"

"పడలేదు. తప్పు నాదే. మిషన్‌ది గాదు."

"మరి నేను ఊర్లె ఏం సూపెట్టాలె? కాళ్లు సేతులు సూపెట్టాల్నా? కులపోళ్లు గిదేందని అడుగరా?"

మల్లేశం ఆగలేకపోయాడు. "ఇంకోటున్నది పెద్దన్నా. సొరుగుల. అది మంచిగొచ్చింది."

సిద్ధిరాములు బావమరిది వైపు చూడలేదు. రెండోది తీసి, మొదటి దాని పక్కన బల్ల మీద పెట్టాడు.

"దీంట్ల తలకాయ దసర నాటిది," అన్నాడు. "పెయ్యి నిన్నటిది. అతికించిన. రెప్పలు నేనే దించిన."

నర్సింహులు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవ్వలకు ఎరుక గాదు," అన్నాడు మెల్లగా. "ఈడున్నోళ్లం నోరు మూసుకుంటె అయిపాయె. గిది ఇయ్యి. గా నల్లది చింపెయ్యి."

ఐలవ్వ గోడ దగ్గర నుంచి కదిలి బల్ల దగ్గరికి వచ్చింది. బావ నర్సింహులు ముందు తల ఎత్తకుండానే రెండు ఫోటోలూ చూసింది. అతికించిన దాన్ని ముట్టుకోలేదు. నల్లదాన్ని దగ్గరికి లాక్కొని, ఒళ్లో కలిపి పెట్టిన ఆ చేతుల మీద వేలు ఉంచింది. కుడి చేతి బొటనవేలు గోరు సగమే ఉంది. ఎప్పుడో సాంచె కొట్టినది.

"అన్నా, నువ్వు సూసినవా ఆయన మొఖం?" అంది సిద్ధిరాములుతో.

"సూసిన చెల్లె."

"ఎట్లుండె?"

సిద్ధిరాములుకు ఫోటో తీసి ఇవ్వడమే గాని, ముఖం గురించి ఎవరికీ చెప్పిన అలవాటు లేదు.

"గడ్డం పెరిగుండె," అన్నాడు. "తెల్లగ. కుడి దిక్కు కన్ను పూర్త మూతపడలేదు. నెత్తికి స్నానం జేయించిన్రు గద, ఎంటికెలు నొసటికి అంటుకున్నయ్. పెదవులు ఎండిపోయుండె."

"నోరు తెరిచుండె," అంది ఓదెమ్మ. "నేనే దవడకు గుడ్డ కట్టిన."

"భయపడ్డట్టు ఉండెనా?" అని ఐలవ్వ అడిగింది.

"లేదు," అన్నాడు సిద్ధిరాములు. "యాష్టకొచ్చినట్టు ఉండె. డబల్ పాళీ జేసి వచ్చినంక ఉంటది సూడు, గట్ల."

ఐలవ్వ తల ఊపింది. గోడ అవతల కార్ఖానాలో రాత్రి షిఫ్టు మొదలైనట్టుంది. బల్ల మీద రెండు ఫోటోలూ సన్నగా అదురుతున్నాయి.

"చెప్పుడు ఏరు, సూపెట్టుడు ఏరు," అన్నాడు నర్సింహులు. "ఊరు మాటలకు ఒప్పుకోదు ఐలవ్వా. గా మంచిది తీస్కొని పోదాం. పదోద్దు కర్మకు నాలుగిండ్ల కాడ చెప్పొచ్చిన. ఫోటో అడుగుతరు."

ఐలవ్వ నల్ల ఫోటోను కొంగులో పెట్టుకుంది. రెండోదాన్ని బల్ల మీదనే సిద్ధిరాములు వైపు జరిపింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి బావ ముఖంలోకి చూసింది.

"పదోద్దు ఊర్లె ఒద్దు బావా," అంది. "ఈడ్నే జేస్త, ఆ కార్ఖాన ముందట. ఆయన మొఖం సూసి మోసినోళ్ల నడుమ గాజులు తీస్త. నువ్వు చెప్పొచ్చినోళ్లను ఈడికే రమ్మను."